కాకినాడ తీరంలో ఏఐఎస్, కెమెరా, ఉపగ్రహం కలిపి చూడటం: ప్రాజెక్టు డైరీ

మార్చి 2, 2025

మేడ మీద యాంటెనా నిలబెట్టాం. ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డులో మిత్రుడి ఇల్లు ఇది. నాలుగంతస్తులు, పైన నీళ్ళ ట్యాంకు, దాన్ని ఆనుకుని ఇనుప గొట్టం. గొట్టం చివర సముద్రమట్టానికి దాదాపు 16 మీటర్ల ఎత్తు. ఎదురుగా బంగాళాఖాతం, కుడిచేతి వైపు దూరంగా హోప్ ఐలాండ్ ఇసుక కొన, దాని లోపలి వైపు లంగరేసిన ఓడలు. బార్జీలు రేవు నుంచి సరుకు తీసుకెళ్ళి ఆ ఓడల పక్కన ఆగుతాయి. మా ఫైనలియర్ పిల్లలు ఇద్దరు, నేను. ఈ సముద్రం మీద తిరిగేవాటన్నిటినీ ఒకే మ్యాప్ మీద, ఒక్కో పడవకి ఒక్కటే చుక్క ఉండేలా చూపించాలన్నది మా పని. వినడానికి చిన్న కోరికలాగే ఉంది.

ఓడలు తమ పేరు, చోటు రేడియోలో చాటే ఏఐఎస్ సందేశాలు వినే ఈ యాంటెనా ఇంట్లోనే చేశాం. 162 మెగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 1.85 మీటర్లు, అందులో నాలుగో వంతు 46 సెంటీమీటర్లు. నిలువుగా ఒక రాగి ఊచ, కింద ఏటవాలుగా నాలుగు ఊచలు. ఉప్పుగాలి జాయింట్లని తినేస్తుందని సిలికాన్ దట్టంగా పూశాం. కెమెరా పెడతాం కాబట్టి మెరైన్ పోలీసుస్టేషన్‌కి వెళ్ళి ముందే చెప్పి, రాసిచ్చి వచ్చాం. తీరంలో ఇలాంటి పని చేసేవాళ్ళు ఎవరైనా మొదట చేయాల్సింది ఇదే.

మార్చి 4

రాత్రి 9 దాటాక మొదటి సందేశం పడింది. రేడియో డాంగిల్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, ఏఐఎస్-క్యాచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇంతే సరంజామా. తెర మీద అర్థంకాని అక్షరాల వరుస, దాన్ని విప్పితే ఒక ఓడ నంబరు, అక్షాంశం, రేఖాంశం, వేగం, దిశ. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నా, గాల్లోంచి ఒక ఓడ తన పేరు చెబుతుంటే నాకూ ఒళ్ళు జలదరించింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక ముక్క. ఏఐఎస్ అంటే ఓడ తనంతట తాను "నేను ఫలానా, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను" అని 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద చాటుకునే ఏర్పాటు. నడుస్తున్న పెద్ద ఓడ వేగాన్ని బట్టి 2 నుంచి 10 సెకన్లకోసారి చెబుతుంది. లంగరేసి ఉంటే 3 నిమిషాలకోసారి. నంబరులో తొమ్మిది అంకెలుంటాయి, 419తో మొదలైతే మన దేశపు ఓడ. విదేశాలకు తిరిగే 300 టన్నులు, ఆపై ఓడలన్నీ ఇది పెట్టుకోవాలని అంతర్జాతీయ నియమం. 2004 చివరికల్లా అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఒకటి మాత్రం మర్చిపోకూడదు: ఇందులో తాళం లేదు, సంతకం లేదు. ఓడ ఏం చెబితే అదే.

ఎంత దూరం వినిపిస్తుంది? ఇటు ఎత్తు, అటు ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలూ కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. మాది 16 మీటర్లు, ఓడ యాంటెనా 25 మీటర్లనుకుంటే నాలుగూ ఐదూ తొమ్మిది, 37 కిలోమీటర్లు. మొదటి రాత్రి అంతకన్నా దూరం ఒక్కటీ పడలేదు. లెక్క, సముద్రం కలిశాయి.

మార్చి 9

తెల్లారి ఐదింటికి పిల్లలిద్దరినీ తీసుకుని ఒడ్డుకి వెళ్ళాను. చేతిలో ఫోను, అందులో మా మ్యాప్. మ్యాప్ మీద ఏడు ఓడలు. కళ్ళెదురుగా సముద్రం నిండా పడవలు. ఫైబర్ తెప్పలు, చిన్న ఇంజిన్ నావలు, దూరంగా సోనా బోట్లనే మరబోట్లు. లెక్కపెట్టడం మొదలెట్టి నలభై దాటాక వదిలేశాం. మ్యాప్‌కి వాటిలో ఒక్కటీ తెలియదు.

వలలు సర్దుకుంటున్న ఒక సరంగుతో మాటలు కలిశాయి. అరవై దగ్గర వయసు. నేను బాబాయ్ అంటున్నాను, ఆయన నన్ను మాస్టారూ అంటున్నాడు. ఫోను చూపించి ఇదీ సంగతని చెబితే కాసేపు చూసి, "మేం లేం కదండీ ఇందులో" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట నాకు చాలాసేపు బుర్రలోంచి పోలేదు.

ఇలాంటి పని ఎందుకో పిల్లలకి ఆ ఇసుకలోనే కూర్చుని చెప్పాను. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి చేసిన పదిమందీ కరాచీ నుంచి సముద్రం మీదే వచ్చారు. దారిలో కుబేర్ అనే గుజరాత్ చేపల పడవని పట్టుకుని, దాంట్లో ముంబయి దాకా వచ్చి, ఆఖరికి రబ్బరు పడవలో ఒడ్డు చేరారు. వేటకెళ్ళే వందల పడవల్లో అదీ ఒకటి. ఆ తర్వాత 2009లో మొత్తం సముద్ర భద్రత బాధ్యత నౌకాదళానికి అప్పగించారు. తొలి విడతలో తీరం పొడవునా, ద్వీపాల్లో, 46 చోట్ల రాడార్, ఏఐఎస్, కెమెరాలతో నిఘా కేంద్రాలు పెట్టారు. వాటి నుంచి వచ్చేదంతా కలిపి ఒకే చిత్రంగా చూసే కేంద్రం 2014 నవంబరులో గురుగ్రామ్‌లో మొదలైంది. మిత్రదేశాలతో సమాచారం పంచుకునే కేంద్రం కూడా అక్కడే 2018 డిసెంబరులో వచ్చింది. వాళ్ళు చేసేది దేశమంత పని. మాది ఒక మేడ మీద, ఒక కిటికీ అంత. చిక్కుముడి మాత్రం అదే: చెప్పేవాళ్ళని, చెప్పనివాళ్ళని ఒకే లెక్కలోకి తేవడం.

అబ్బాయి వెంటనే, "అయితే ఏఐఎస్ లేనివన్నీ ఎర్రచుక్క పెడదామా సార్?" అన్నాడు. వద్దన్నాను. మన దగ్గర 20 మీటర్ల లోపు చేపల పడవకి ఏఐఎస్ తప్పనిసరి కాదు. తెప్ప మీద వేటకెళ్ళేవాడు ఏ తప్పూ చేయలేదు. ఎరుపు రంగు మా మ్యాప్‌లో ఉండదని ఆ రోజే నిర్ణయించుకున్నాం. చెప్పేవి నీలం, చెప్పనివి తెలుపు.

మార్చి 17

కెమెరా బిగించాం. పగలు మాత్రమే పనికొస్తుంది, అది తెలిసే కొన్నాం. అడ్డంగా 30 డిగ్రీల చూపు, 1920 పిక్సెళ్ళు. ఒడ్డు, ఇళ్ళు, మనుషులు కనిపించే కింది భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే నల్లగా కప్పేశాం. బీచిలో కూర్చున్నవాళ్ళ బొమ్మలు మాకెందుకు?

ఇవాళ రాయాల్సింది ఒక లెక్క గురించి. ఈ ప్రాజెక్టుకి వెన్నెముక అదే.

ఒక పిక్సెల్ అంటే కోణంలో 0.27 మిల్లీరేడియన్లు, కిలోమీటరు దూరంలో 27 సెంటీమీటర్లంత. 5 కిలోమీటర్ల దూరంలో పడవ ఉంటే, ఒక పిక్సెల్ తేడా అడ్డంగా మీటరున్నర కూడా కాదు. అంటే ఏ దిక్కున ఉందో కెమెరా గీత గీసినట్టు చెబుతుంది. దూరమో? ఒకే కెమెరా కాబట్టి దూరం కట్టాలంటే ఒకటే దారి, పడవ నీటిని తాకేచోటు దిగంతానికి ఎంత కిందుందో చూడటం. 16 మీటర్ల ఎత్తు నుంచి చూస్తుంటే, కిలోమీటరు దూరంలో ఒక పిక్సెల్ పొరపాటుకి 17 మీటర్ల తేడా వస్తుంది. అదే 5 కిలోమీటర్ల దగ్గర, భూమి వంపు కూడా కలుపుకుంటే, దాదాపు 480 మీటర్లు! అల ఒకసారి లేస్తే చాలు, పడవ అర కిలోమీటరు జరిగిపోతుంది.

కాబట్టి కెమెరా చెప్పే చోటుని చుక్కగా గీయకూడదు. సన్నగా పొడుగ్గా, మా మేడ నుంచి సముద్రంలోకి చాచిన చీపురుపుల్లలా గీయాలి. ఇది బోర్డు మీద గీసి చూపించగానే పిల్లలకి అంతవరకు పుస్తకంలో అంకెలుగా చూసిన కోవేరియన్స్, అంటే ఏ దిక్కున ఎంత అనుమానమో చెప్పే కొలత, ఏంటో అర్థమైంది. ఏఐఎస్‌ది చిన్న గుండ్రం, కెమెరాది చీపురుపుల్ల. రెండూ ఎక్కడ కలిస్తే అక్కడ పడవ.

సాయంత్రానికి ఇంకో సంగతి బయటపడింది. పొద్దున సరిగ్గా వచ్చిన దూరాలన్నీ మధ్యాహ్నానికి ఒక్కవైపుకే తప్పుతున్నాయి. కెమెరా కదిలిందేమోనని బోల్టులన్నీ బిగించాం. కదిలింది కెమెరా కాదు, సముద్రం. పోటుకీ పాటుకీ నీటిమట్టం ఒక మీటరు మారితే మా 16 మీటర్లు 15 అవుతుంది, 5 కిలోమీటర్ల దగ్గర రెండు మూడు వందల మీటర్ల తేడా. ఆటుపోట్ల పట్టిక తెచ్చి ప్రోగ్రాములో కలిపాం. సముద్రమట్టానికి ఎత్తు అని రాసేటప్పుడు ఏ గంటకి అని కూడా రాయాలని తెలిసింది.

కెమెరా దిక్కుని సరిచూసుకోవడానికి లంగరేసిన ఓడలే పనికొచ్చాయి. వాటి చోటు ఏఐఎస్ చెబుతూనే ఉంది కదా. వాకలపూడి లైట్‌హౌస్ మీద దిక్సూచి సరిచేసుకుని, ఓడల మీద పరీక్షించాం.

మార్చి 30

ఉగాది. పని లేదు. పచ్చడి తిని మేడెక్కి చూస్తే కరెంటు పోయి వచ్చినట్టుంది, మ్యాప్ మీద అంతా అస్తవ్యస్తం. రేపు చూద్దాం.

ఏప్రిల్ 2

మూడు రోజులు పట్టింది. పూర్తిగా రాస్తాను, ఇంకెవరికైనా ఈ మూడు రోజులు మిగులుతాయి.

కనిపించిందేమిటంటే: కెమెరాలో ఒక ఓడ హోప్ ఐలాండ్ కొన దాటి వస్తోంది. మ్యాప్ మీద అదే ఓడ నీలంచుక్క అప్పటికే ఏడు కిలోమీటర్లు ముందుకి వెళ్ళిపోయింది. కెమెరా చూసినదానికి ఏఐఎస్ జోడీ దొరక్క, ప్రోగ్రాము దానికి తెల్లచుక్క పెట్టింది. ఒకే ఓడ, రెండు చుక్కలు. చూసేవాడికి పేరు చెప్పని ఒక పెద్ద ఓడ రేవువైపు వస్తున్నట్టుంది. ఇలాంటి తప్పు నిజమైన నిఘా గదిలో జరిగితే ఒక గస్తీ పడవ ఊరికే బయల్దేరుతుంది, ఆ వేళకి నిజంగా కావాల్సినచోట అది ఉండదు.

యాంటెనా, కెమెరా కోణం, మా లెక్క, అన్నీ వెతికాం. చివరికి అమ్మాయి పట్టుకుంది. రాస్ప్‌బెర్రీ పై లోపల గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయినప్పుడు దాని కాలం ఆగిపోతుంది, తిరిగొచ్చినప్పుడు ఆగినచోటి నుంచే మొదలవుతుంది. ఇంటర్నెట్ అందితేనే సరైన టైము తెచ్చుకుంటుంది. ఆ రోజు కరెంటు 23 నిమిషాలు పోయింది, ఇంటర్నెట్ ఇంకా ఆలస్యంగా వచ్చింది. కెమెరా రికార్డరు గడియారం మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. రెండింటి మధ్య 23 నిమిషాలు. 10 నాట్ల, అంటే గంటకి 18.5 కిలోమీటర్ల, వేగంతో నడిచే ఓడ ఆ 23 నిమిషాల్లో ఏడు కిలోమీటర్లు పోతుంది. లెక్క గుటుక్కున అతికింది.

మందు: బ్యాటరీ ఉన్న డీఎస్3231 గడియారం చిప్పు ఒకటి, దానికి తోడు జీపీఎస్ రిసీవరు. అంతకన్నా ముఖ్యం, గడియారాన్ని నమ్మకుండా ఎప్పటికప్పుడు పరీక్షించే ఏర్పాటు. ఏఐఎస్ సందేశంలో ఓడ తన చోటు ఏ సెకనులో తీసుకుందో ఉంటుంది, 0 నుంచి 59 వరకు. నిమిషం ఉండదు, గంట ఉండదు, సెకను మాత్రమే. మా గడియారపు సెకనుకీ అందరి ఓడల సెకన్లకీ తేడా తీసి, మధ్యస్థం చూస్తే ఒకటి రెండు దాటకూడదు. దాటితే గంట మోగుతుంది. కానీ సరిగ్గా నిమిషాల లెక్కన తప్పితే ఇది పట్టుకోలేదు. దానికి తీర కేంద్రాలు పంపే 4వ రకం సందేశం ఉంది, అందులో తేదీతో సహా పూర్తి సమయం ఉంటుంది. మాకు ఒక కేంద్రం బాగానే వినిపిస్తోంది. ఇప్పుడు మా గడియారానికి ఇద్దరు సాక్షులు.

అన్నిచోట్లా యూటీసీ అనే అంతర్జాతీయ సమయమే వాడాలని గోడ మీద రాసి అంటించాం. భారత కాలమానం తెర మీద చూపించడానికే, లోపల ఎక్కడా ఉండకూడదు.

ఏప్రిల్ 12

కాల్మన్ ఫిల్టరు నడుస్తోంది. 1960లో కాల్మన్ రాసిన లెక్కే ఇవాళ్టికీ ఓడల మీద, విమానాల మీద, ఫోన్లలో నడుస్తోంది. దాని పద్ధతి మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. దూరపు ఊరి కబురు ఇద్దరు చెబితే, ఎవరి మాట ఎంతవరకు నమ్మొచ్చో చూసి మధ్యలో ఒక నిజాన్ని కట్టుకుంటాం. తర్వాతి కబురు వచ్చేదాకా ఈపాటికి ఇలా అయ్యుంటుంది అని ఊహిస్తాం, ఆలస్యమయ్యేకొద్దీ ఊహ మీద నమ్మకం తగ్గించుకుంటాం.

అసలు కష్టం ఆ ఫిల్టరు కాదు. కెమెరాలో కనిపించిన ఈ మచ్చ, మ్యాప్ మీదున్న ఏ చుక్కది? దీన్నే జోడీ కుదర్చడం అనుకుందాం. ప్రతి చుక్క చుట్టూ దాని అనుమానం మేరకు ఒక గేటు గీస్తాం. గేటు లోపల పడినదాన్నే పరిశీలిస్తాం, బయటిదాన్ని అడగం. మేం 99 శాతం గేటు తీసుకున్నాం, అంటే నిజమైన జోడీ నూటికి 99 సార్లు లోపలే పడేంత (కై-స్క్వేర్ పట్టికలో అంకె 9.21). ఒక గేటులో రెండు మచ్చలు, ఒక మచ్చ రెండు గేట్లలో పడితే, మొత్తం మీద ఖర్చు తక్కువయ్యేలా జతలు కట్టే హంగేరియన్ పద్ధతి వాడాం. ఒక్కసారి కనిపించగానే కొత్త చుక్క పుట్టించం. ఐదు ఫ్రేముల్లో మూడింట కనిపించాలి. లేకపోతే ప్రతి తెల్లనురుగూ పడవే అవుతుంది.

ఏప్రిల్ 15

ఇవాళ్టి నుంచి తూర్పుతీరంలో వేట నిషేధం. 61 రోజులు, జూన్ 14 వరకు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజిన్ బోట్లన్నీ రేవులో వరుసగా కట్టేసి ఉన్నాయి. మాకిది దొరక్క దొరికిన అవకాశం. సముద్రం దాదాపు ఖాళీ, అక్కడక్కడ ఇంజిన్ లేని తెప్పలు. ఇప్పుడు కెమెరా చూపించే తెల్లచుక్కల్లో చాలావరకు తప్పుచుక్కలే అయి ఉండాలి. వాటిని ఒక్కొక్కటీ వెతికి తీసే పని రెండు నెలల పాటు.

వారం తర్వాత చేర్చింది, ఇప్పటికే మూడు రకాలు దొరికాయి: నురుగు, పక్షులు, మధ్యాహ్నపు ఎండకి దిగంతం దగ్గర వణికే గాలి.

మే 6

ఉపగ్రహం దగ్గరికి వచ్చాం. ఐరోపా వాళ్ళ సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. మబ్బు, చీకటి దానికి అడ్డు కావు. ఒక్క దృశ్యంలో 250 కిలోమీటర్ల వెడల్పు పడుతుంది, ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు. ఇనుప ఓడ తళుక్కుమని మెరుస్తుంది. చెక్కబోటు, ఫైబర్ తెప్ప చాలాసార్లు కనిపించవు. ఇది రోజూ రాదు, వచ్చినప్పుడు తెల్లారి ఆరు అటూ ఇటూ, లేదా సాయంత్రం ఆరు అటూ ఇటూ. అంటే ఇది కాపలా కన్ను కాదు. అప్పుడప్పుడు వచ్చి లెక్క సరిచూసే ఆడిటరు.

మొదటి చిత్రం మీద ఏఐఎస్ చుక్కలు పరిచి చూస్తే ఒక్కటీ కలవలేదు. లంగరేసినవి కొంచెం పక్కకి, నడుస్తున్నవి చాలా పక్కకి. రెండింటికీ కారణాలు వేరు.

లంగరేసిన వాటి సంగతి తేలిక. ఏఐఎస్ చెప్పేది జీపీఎస్ యాంటెనా ఉన్న చోటు, ఓడ నడుమ కాదు. 180 మీటర్ల సరుకు ఓడలో యాంటెనా వెనకవైపు గది మీద, ముక్కు నుంచి 150 మీటర్ల దగ్గర ఉంటే, ఓడ మధ్యభాగం దానికి 60 మీటర్లు ముందుంటుంది. రాడార్‌కి కనిపించేది మొత్తం ఒళ్ళు. 5వ రకం సందేశంలో ఈ కొలతలు నాలుగూ ఉంటాయి, ఓడ ముక్కు ఎటుందో మామూలు సందేశంలోనే ఉంటుంది. రెండూ కలిపి జరిపితే సరి. కొన్ని ఓడలు ఆ కొలతలు సున్నా అని పెట్టేస్తాయి, ముక్కు దిశ 511 అని పంపుతాయి, అంటే తెలియదని. వాటికి అనుమానపు గుండ్రాన్ని పెద్దది చేశాం.

నడుస్తున్న ఓడల కథ నాకు భలే నచ్చింది. ఈ రాడార్ తిరిగొచ్చిన తరంగపు డాప్లర్ మార్పుని, అంటే కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాని, బట్టి వస్తువు ఎక్కడుందో నిర్ణయిస్తుంది. ఓడ తానే కదులుతుంటే ఆ మార్పు కూడా కలిసిపోయి, ఓడ తన చోట కాకుండా ఉపగ్రహం పోయే దారి వెంబడి ముందుకో వెనక్కో జరిగి అచ్చవుతుంది. 10 నాట్ల ఓడ రాడార్ చూపుకి ఎదురుగా పోతుంటే 300, 400 మీటర్లు. నీటి మీద ఓడ గీసిన చాళ్ళు మాత్రం వాటి చోటనే ఉంటాయి. చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే ఓడ ఒకచోట, దాని జాడ మరోచోట! పట్టాలు వదిలేసి పక్కనే పరిగెత్తే రైలులా ఉంటుంది. ఏఐఎస్ చెప్పిన వేగం, దిశ తీసుకుని ఎంత జరగాలో ముందే లెక్కగట్టి వెనక్కి జరిపాం. ఓడలన్నీ వచ్చి తమ చుక్కల మీద కూర్చున్నాయి.

ఒకటి తప్ప. కేజీ బేసిన్ (సముద్రంలో చమురు, గ్యాసు తీసే కృష్ణా-గోదావరి ప్రాంతం) వైపు, ఏ ఏఐఎస్ లేని ప్రకాశమైన చుక్క. అబ్బాయి రాత్రి పదకొండుకి ఫోను చేశాడు, గొంతులో ఉత్సాహం. "సార్, ఇది దాక్కున్న ఓడే." పొద్దున కూర్చుని చూస్తే, ఆ చుక్కకీ దగ్గర్లోని ఒక చమురు వేదికకీ మధ్య దూరం 5 కిలోమీటర్ల పైచిలుకు, రెండింటినీ కలిపే గీత ఉపగ్రహపు దారికి సరిగ్గా సమాంతరం. నీడచుక్క అది. బాగా మెరిసే వస్తువుకి రాడార్ వేసే దొంగ ప్రతిబింబం. అక్కడ ఉన్నది నీళ్ళే. పిల్లాడి ముఖం చిన్నబోయింది గానీ, దాన్ని తనే పట్టుకుని తీసేసే ప్రోగ్రాము రెండు రోజుల్లో రాసిచ్చాడు. వేదికలు కదలవు కాబట్టి అన్ని దృశ్యాల్లోనూ ఒకేచోట మెరుస్తాయి. అవి మాకు మైలురాళ్ళయ్యాయి.

మే 21

బార్జీ ఓడ పేరు ఎత్తుకుపోయింది.

లంగరేసిన ఓడ పక్కన బార్జీ ఆగి, సరుకు ఎక్కించి, తిరిగి రేవుకి బయల్దేరింది. మ్యాప్ మీద ఓడ నీలంచుక్కే లంగరు తెంచుకున్నట్టు రేవువైపు నడిచింది. ఓడ ఉన్నచోట కొత్త తెల్లచుక్క పుట్టింది. మూడు నిమిషాల తర్వాత ఏఐఎస్ సందేశం రాగానే నీలంచుక్క ఒక్క దూకులో వెనక్కి వచ్చింది.

తప్పు మా గేటుది. లంగరేసిన ఓడ 3 నిమిషాలకోసారే మాట్లాడుతుంది. మేం అన్ని ఓడలకీ కదిలే ఓడ నమూనానే పెట్టాం. ఆ నమూనాలో 180 సెకన్లు కబురు లేకపోతే అనుమానం 139 మీటర్లకి పెరుగుతుంది, గేటు 400 మీటర్లు దాటుతుంది. ఆ గేటులో బార్జీ హాయిగా ఇమిడిపోయింది. పక్కపక్కన ఉన్నప్పుడు కెమెరాకి రెండూ ఒకే మచ్చ. విడిపోగానే కదిలే మచ్చే దానికి నచ్చింది.

లంగరు ఓడలకి వేరే నమూనా రాశాం. అది ఎక్కడికీ పోదు, లంగరు గొలుసు చుట్టూ పోటుపాట్లకి తిరుగుతుంది, అంతే. ఓడ తన స్థితిని "లంగరు" అని చెప్పినా నమ్మేయం. ఆ మాట మనిషి చేత్తో మార్చాల్సింది, మర్చిపోయినవాళ్ళు చాలామంది. వేగం అర నాటు లోపు, ఇరవై నిమిషాలుగా ఒకే గుండ్రంలో ఉంటేనే లంగరు. తర్వాత అవే బార్జీలని ఒక పగలంతా చూశాం. ఒక్కటీ పేరు ఎత్తుకుపోలేదు.

జూన్ 15

నిన్న అర్ధరాత్రితో నిషేధం తీరింది. రేవులో పూజలు, కొబ్బరికాయలు, పసుపు రాసిన బోటు ముక్కులు. ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని చీకట్లోనే బయల్దేరాయి. తెల్లారేసరికి మ్యాప్ మీద తెల్లచుక్కలు చల్లినట్టు పడ్డాయి. పిల్లలిద్దరూ చేత్తో లెక్కపెడుతూ సరిచూశారు. దగ్గరివన్నీ ఉన్నాయి. 6 కిలోమీటర్లు దాటాక రెండు మూడు బోట్లు దగ్గరగా పోతుంటే ఒకే చుక్క అవుతున్నాయి. చీపురుపుల్లలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఒక్క కెమెరాతో ఇంతకన్నా కుదరదు.

"ఒకేచోట తచ్చాడటం" అని ఒక హెచ్చరిక పెట్టి ఉంచాం. గంటకు మించి చిన్న గుండ్రంలో తిరిగే చుక్క కనిపిస్తే తెర మీద గుర్తు వస్తుంది. సాయంత్రానికి పదకొండు గుర్తులు. అందులో ఎనిమిది ఒకేచోట, మొగకి (బోట్లు లోపలికొచ్చే ముఖద్వారానికి) కాస్త బయట.

జూన్ 17

సరంగు బాబాయి ఇంటికి వచ్చాడు. నేనే పిలిచాను. చేతికి టీ ఇచ్చి, ఆ ఎనిమిది చుక్కలు పెద్ద తెర మీద చూపించి, వీళ్ళేం చేస్తున్నారు బాబాయ్ అని అడిగాను.

"ఆయ్, అదాండీ? పోటు కోసం ఆగారండీ. పాటుకి మొగలో ఇసుక మేట తగులుద్ది కదండీ. నిండు బోటు ఎక్కిందంటే ఇరిగిపోద్ది."

మిగతా మూడు?

వేలితో ఒక చుక్క వెంబడి మెల్లగా గీశాడు. "ఇది వల లాగుతున్నాడండీ. ఈడూ అంతే." మూడోదాని దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు. గాలివాలున జారుతున్నట్టు సన్నని వంపు, వేగం ఒక నాటు కూడా లేదు. "ఇది ఇంజిన్ పోయిన బోటండీ. వలైతే ఇలా పక్కకి పోదు. ఎవరన్నా ఎళ్ళారా?"

రికార్డు ముందుకి జరిపి చూశాం. నాలుగు గంటల తర్వాత ఇంకో చుక్క దాని దగ్గరికి వచ్చింది, రెండూ కలిసి నెమ్మదిగా ఒడ్డువైపు కదిలాయి. ఆయన ఊపిరి వదిలి టీ తాగాడు. 1996 నవంబరు తుఫానులో సముద్రం మీదున్నవాళ్ళలో తన వాళ్ళు కూడా ఉన్నారని అప్పుడు చెప్పాడు. ఎవరు ఎక్కడున్నారో ఒడ్డున ఎవరికీ తెలియదట.

ఆయన వెళ్ళాక మేం ముగ్గురం చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాలుగు నెలలుగా మేం తచ్చాడటం అని పేరు పెట్టినదాంట్లో వేట ఉంది, పోటు ఉంది, ప్రాణం మీదికొచ్చిన బోటు ఉంది.

జూన్ 22

మార్పులు. ఆ హెచ్చరిక తీసేశాం. దాని చోట మూడు. ఒకటి, మొగ దగ్గర ఆగడం: ఆటుపోట్ల పట్టికతో సరిపోలితే గుర్తు రాదు, పోటు వచ్చి వెళ్ళాక కూడా అక్కడే ఉంటే వస్తుంది. రెండు, వల లాగడం: నెమ్మదిగా, గాలికి సంబంధం లేకుండా, తనంతట తాను మలుపులు తిరిగే కదలిక. గుర్తు అక్కర్లేదు. మూడు, కొట్టుకుపోవడం: దిశ గాలికీ ప్రవాహానికీ మాత్రమే లోబడి ఉండి, అరగంటకు మించి మలుపే లేకపోతే తెర మీద మిగతా అన్నిటికన్నా పైకి వస్తుంది. మేడ మీద గాలి వేగం, దిశ కొలిచే పరికరం ఒకటి కొత్తగా బిగించాం. ప్రాజెక్టు మొదట్లో గాలిని సెన్సర్ల జాబితాలో రాసుకోలేదు.

తెల్లచుక్కల దారులు ఏడు రోజులకి మించి ఉంచం. బోటు నంబర్లు రాయం. కొట్టుకుపోవడం గుర్తు వస్తే ఏం చేయాలో కూడా రాసి గోడకి అంటించాం: ముందు కెమెరాలో కళ్ళతో చూడాలి, తర్వాత సముద్రంలో ఆపదలకి కోస్ట్‌గార్డు పెట్టిన 1554కి ఫోను, ఆ తర్వాత బాబాయికి.

ఇప్పుడున్న ఇబ్బంది వాన. నైరుతి వచ్చేసింది, జల్లు పడితే కెమెరా రెండు కిలోమీటర్లు కూడా చూడటం లేదు, బోటు కొట్టుకుపోయే గాలి వీచేది సరిగ్గా అప్పుడే. మత్స్యకారుల బోట్లకి ఉపగ్రహం ద్వారా రెండువైపులా కబురు పంపుకునే ఇస్రో ట్రాన్స్‌పాండర్లు ఇస్తున్నారు. బాబాయి బోటుకి దరఖాస్తు నింపడానికి అమ్మాయి రేపు రేవుకి వెళ్తోంది. నేను కెమెరా అద్దానికి గొడుగు చేయించాలి.